సీటీ స్కాన్: చీటీ పట్టుకుని మా గది బయట కూర్చున్నవాళ్లు అడిగే ప్రశ్నలు

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాను. సీటీ గదిలో అద్దం వెనక కూర్చుని "ఊపిరి పీల్చండి, బిగపట్టండి, ఇక వదిలేయండి" అని మైకులో చెప్పే టెక్నీషియన్ని. మాది శ్రీకాకుళం వైపు. చుట్టాల్లో ఎవరికి స్కాన్ రాసినా ముందు ఫోన్ నాకే వస్తుంది కాబట్టి, ఇన్నేళ్లలో విన్న ప్రశ్నలన్నీ ఒకచోట పెడుతున్నాను. మీ జబ్బుకి ఏం చెయ్యాలన్నది మీ డాక్టరే చెప్పాలి, అది నన్ను అడక్కండి.

స్కానింగ్ అంటే అన్నీ ఒకటే కదా?

కాదండీ, సగం గొడవ ఇక్కడే మొదలవుతుంది. మన ఇళ్లలో కడుపుతో ఉన్న అమ్మాయికి తీసేదీ స్కానింగే, నడుంనొప్పికి అరగంట సేపు టకటకమని మోగే సొరంగంలో పడుకోబెట్టేదీ స్కానింగే, బండి మీంచి పడి తల పగిలితే తీసేదీ స్కానింగే. మొదటిది అల్ట్రాసౌండ్, శబ్ద తరంగాలతో పని. రెండోది ఎమ్మారై, అదొక పెద్ద అయస్కాంతం. ఈ రెంటిలో రేడియేషన్ లేదు. మూడోదే సీటీ, ఇది ఎక్స్‌రేతో పనిచేస్తుంది. "ఇంతకుముందు స్కానింగ్ తీయించారా?" అంటే "తీయించామండీ" అంటారు. ఏ స్కానింగ్ అంటే ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు.

అసలు లోపల ఏం జరుగుతుంది?

మామూలు ఎక్స్‌రే నీడ లాంటిది. ముందున్న పక్కటెముక, మధ్యలో గుండె, వెనక వెన్నుపూస అన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. సీటీలో ఎక్స్‌రే గొట్టం మీ చుట్టూ గిర్రున తిరుగుతుంటే ఎదురువైపు డిటెక్టర్లు ఎంత కిరణం బయటికొచ్చిందో కొలుస్తుంటాయి, ఆ కొలతలన్నీ కలిపి కంప్యూటర్ లెక్కకట్టి సొరకాయని చక్రాలుగా తరిగి పరిచినట్టు ఒక్కో పొరనీ విడిగా చూపిస్తుంది. ప్రతి చుక్కకీ ఒక అంకె ఉంటుంది. నీళ్లకి 0, గాలికి మైనస్ 1000, కొవ్వుకి దాదాపు మైనస్ 100, ఎముకకి వందల్లో, గట్టి ఎముకకైతే 1000 దాటి. అప్పుడే గడ్డకట్టిన రక్తం అరవై, డెబ్బై దగ్గర ఉంటుంది. అందుకే అది నీటితిత్తో, రాయో, రక్తమో చాలాసార్లు అంకె చూసే చెప్పగలుగుతారు.

ఆ అంకెల్ని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు అంటారు. గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ ఇంగ్లండులో ఈఎంఐ కంపెనీ ఇంజనీరు. ఈఎంఐ అంటే నెలవాయిదా కాదు, ఘంటసాల పాటల రికార్డుల మీద గ్రామఫోన్ ముందు కూర్చున్న కుక్క బొమ్మ ఉండేది చూడండి, ఆ హెచ్‌ఎంవీ వెనకున్న కంపెనీ. 1971 అక్టోబర్ 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో మెదడులో గడ్డ ఉందేమోనన్న అనుమానంతో ఒక మహిళకి మొదటి స్కాన్ తీశారు, గడ్డ కనిపించింది. 1979లో ఆయనకీ, ఆయనతో సంబంధం లేకుండా విడిగా లెక్కలు కట్టిన అలన్ కార్మాక్‌కీ కలిపి నోబెల్ ఇచ్చారు. మా గదిలో ఆయన ఫొటో పెడదామని ఎప్పుడూ అనుకుంటాను, ఇంతవరకూ పెట్టలేదు.

మూతి వంకర పోయింది, చెయ్యి పడిపోయింది. ముందు ఎక్కడికి తీసుకెళ్లాలి?

సీటీ ఉన్న ఆస్పత్రికి. పసరు మందుకని ఊళ్లు తిప్పకండి, దగ్గర్లో డాక్టరుకి చూపించి రేపు చూద్దాం అనుకోకండి. పక్షవాతం రెండు రకాలుగా వస్తుంది, మెదడులో రక్తనాళం మూసుకుపోయి, లేదా చిట్లి. బయట నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, వైద్యం మాత్రం పూర్తిగా ఉల్టా. మూసుకుపోతే రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు, మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. చిట్లినవాళ్లకి అదే ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం పోవచ్చు. ఏది ఏమిటో నిమిషాల్లో తేల్చేది డై (నాళాలు విడిగా కనబడటానికి నరంలోకి ఎక్కించే ద్రవం) లేని సీటీ, ఎందుకంటే రక్తం తెల్లగా వెలిగిపోతూ వెంటనే కనిపిస్తుంది. స్కాన్ కాకముందే ఎవరో చెప్పారని యాస్పిరిన్ మింగించకండి, ఇదే కారణం.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, దీని గురించి నాతో ఎంతమంది పోట్లాడారో. "స్కాన్ నార్మల్ అన్నారు, మళ్లీ అంత ఖరీదైన ఇంజెక్షన్ ఎందుకు, డబ్బుల కోసమేగా?" అని. నాళం మూసుకుపోయిన పక్షవాతంలో మొదటి కొన్ని గంటలు సీటీ నార్మల్‌గా ఉండొచ్చు. అక్కడ నార్మల్ అంటే జబ్బు లేదని కాదు, రక్తస్రావం లేదని. డాక్టరు వెతికింది రక్తం, అది లేదు కాబట్టే ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. పెద్ద నాళం మూసుకుపోయి ఉంటుందనిపిస్తే డై ఎక్కించి మెడ, తల నాళాలకి కూడా సీటీ తీస్తారు, గడ్డని తీగతో లాగే అవకాశం కొందరికి 24 గంటల వరకూ ఉంటుంది. వచ్చేటప్పుడు ఒక్క ముక్క గుర్తుపెట్టుకుని రండి: మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకి? నిద్రలో వచ్చి ఉంటే, పడుకోబోయే ముందు టైము.

రోజూ తలనొప్పి. ఒకసారి సీటీ తీయించుకుంటే టెన్షన్ పోతుంది కదా?

పోదు, చాలామందికి కొత్తది మొదలవుతుంది. ఏళ్ల తరబడి ఒకేలా వచ్చే మైగ్రేన్‌కి, పరీక్షలో ఏ తేడా లేనప్పుడు, స్కాన్ అక్కర్లేదు. పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, చెయ్యో కాలో లాగేయడం, ఫిట్స్, యాభై దాటాక కొత్తగా మొదలైనది, తలకి దెబ్బ తగిలాక వాంతులు, క్యాన్సర్ ఉన్నవాళ్లకి కొత్త తలనొప్పి, ఇవయితే ఆగకూడదు.

ఎక్స్‌రే చవక, ఎమ్మారై మంచిది అంటారు. మరి సీటీ ఎందుకు?

ఏది "మంచిది" అనేది ఏం వెతుకుతున్నాం అన్నదాన్ని బట్టి. ఊపిరితిత్తులు, విరిగిన ఎముకలు, తాజా రక్తస్రావం, కిడ్నీ రాళ్లు, యాక్సిడెంట్ కేసులు: సీటీ. మోకాలి లిగమెంట్, నడుం డిస్క్, వెన్నుపాము: ఎమ్మారై. పిత్తాశయంలో రాళ్లకి అల్ట్రాసౌండే మేలు, కొన్ని రాళ్లు సీటీకి దొరకవు కూడా, రెట్టింపు డబ్బులు పెట్టి తీయించుకుని ఏమీ లేదన్నారని సంబరపడినవాళ్లని చూశాను. సీటీకున్న పెద్ద బలం వేగం. పొట్ట మొత్తం కొన్ని సెకన్లలో అయిపోతుంది, స్పృహ లేని మనిషికైనా తీయొచ్చు.

కిడ్నీలో రాయి ఉందని డై లేకుండా తీశారు. సరిగ్గా కనిపిస్తుందా?

డై లేకుండా తీస్తేనే బాగా కనిపిస్తుంది. రాయీ తెల్లగానే ఉంటుంది, డై కూడా తెల్లగానే ఉంటుంది, రెండూ కలిస్తే రాయి అందులో దాక్కుంటుంది. ఎక్స్‌రేలో అసలు కనిపించని యూరిక్ యాసిడ్ రాయి కూడా సీటీలో కనిపిస్తుంది. రాయి ఎంత ఉంది, ఎక్కడ ఇరుక్కుంది, కిడ్నీ ఉబ్బిందా, మూడూ ఒక్క స్కాన్‌లో తేలిపోతాయి. కడుపుతో ఉన్నవాళ్లకీ పిల్లలకీ మాత్రం ముందు అల్ట్రాసౌండ్.

డై అంటే ఏంటి? కిడ్నీలు పాడైపోతాయంటగా?

అయోడిన్ ఉన్న ద్రవం. నరం ద్వారా ఎక్కిస్తే రక్తనాళాలు, గడ్డలు, చీము పట్టిన చోట్లు చుట్టుపక్కల కండ నుంచి విడిగా తెలుస్తాయి. ఎక్కేటప్పుడు గొంతు నుంచి కింద దాకా వెచ్చగా పాకుతుంది, బట్టల్లోనే మూత్రం పోసేశామేమో అనిపిస్తుంది. పోయలేదు, కంగారుపడకండి, ముఖ్యంగా స్కాన్ నడుస్తుండగా లేవకండి.

కిడ్నీలు బాగున్నవాళ్లకి దీంతో ప్రమాదం చాలా తక్కువ. ముందే దెబ్బతిన్నవాళ్ల విషయంలోనే జాగ్రత్త పడాలి, అందుకే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్ రిపోర్ట్ అడుగుతాం. మా జిల్లాలో ఉద్దానం వైపు నుంచి, కవిటి, సోంపేట, కంచిలి నుంచి వచ్చేవాళ్లయితే మేం అడక్కముందే సంచిలోంచి ఆ కాగితం తీస్తారు, కారణం సరిగ్గా తేలని కిడ్నీ జబ్బుతో ఇల్లిల్లూ అంతగా నలిగిపోయిన చోటు అది. ఆ కాగితం మీద అంకె ఎక్కువుంటే డై మానేయాలా, నీళ్లు ఎక్కించి ఇవ్వాలా, వేరే పరీక్షకి వెళ్లాలా అన్నది డాక్టర్లు మాట్లాడుకుంటారు. ప్రాణం మీదికొచ్చిన కేసులో అంకె ఎక్కువున్నా ఇవ్వాల్సి రావచ్చు.

షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే చెప్పండి. కిడ్నీ బాగా తగ్గినవాళ్లని స్కాన్ రోజు నుంచి 48 గంటలు ఆపి, మళ్లీ క్రియాటినిన్ చూసుకుని మొదలుపెట్టమంటారు. అందరూ ఆపక్కర్లేదు. పాలిచ్చే తల్లి పాలు పిండి పారబోయక్కర్లేదు, బిడ్డకి చేరే డై చాలా చాలా తక్కువ.

రొయ్యలు పడవు. డై పడుతుందా?

ఈ ప్రశ్న మా తీరంలో తప్పకుండా వస్తుంది! రొయ్య పడకపోవడం దానిలోని ప్రోటీన్ వల్ల, అయోడిన్ వల్ల కాదు. ఆ ఒక్క కారణంతో డై మానేయరు. ఇంతకుముందు ఎప్పుడైనా ఇదే డై ఎక్కించినప్పుడు దద్దుర్లు, ఆయాసం, మొహం వాపు వచ్చాయా అన్నదే అసలు ప్రశ్న. ఆస్తమా, థైరాయిడ్ ఎక్కువగా ఉండటం కూడా చెప్పండి. అయిపోయాక కాసేపు కూర్చోమంటే బస్సు టైమైందని పారిపోకండి, పడకపోతే ఎక్కువగా మొదటి అరగంటలోనే తెలుస్తుంది.

రేడియేషన్ ఎంత? ఒంట్లో ఉండిపోతుందా?

ఉండదు. లైటు ఆపితే గదిలో వెలుగు మిగలదు కదా, అలాగే. స్నానం చేయడం, పాలు తాగడం, విడిగా పడుకోవడం ఏమీ వద్దు, ఇంటికెళ్లి మనవడిని ఎత్తుకోండి.

లెక్క చెప్పుకుందాం. భూమి నుంచీ, ఆకాశం నుంచీ, తిండి నుంచీ మనిషికి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు (రేడియేషన్ డోసుని కొలిచే యూనిట్) ఎలాగూ తగులుతుంది. ఛాతీ ఎక్స్‌రే 0.1 లోపే. తల సీటీ దాదాపు 2. పొట్ట సీటీ ఒక్కసారి తీస్తే 8, 10 దాకా, అంటే మూడు నాలుగేళ్ల సహజ రేడియేషన్ ఒక్కసారిగా. 10 మిల్లీసీవర్టుల స్కాన్ వల్ల ప్రాణాంతక క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 2,000 మందిలో ఒకరికి పెరగొచ్చని అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే ఎఫ్‌డీఏ అంచనా చెబుతుంది. అపెండిక్స్ పగిలిందేమో అన్నప్పుడు ఈ అంకె గురించి ఆలోచించడం అనవసరం. ఊరికే చూసుకుందాం అన్నప్పుడు మాత్రం ఆలోచించాలి. డై ఉన్న స్కాన్‌లో డై ముందొకసారి, తర్వాత రెండు మూడుసార్లు తీస్తే డోసు కూడా అన్నిసార్లు పెరుగుతుందని గుర్తుంచుకోండి.

కోవిడ్ రెండో అలలో ఇదంతా మర్చిపోయాం. ముక్కు కారినవాడు, కారనివాడు, అందరూ హెచ్‌ఆర్‌సీటీకి, అంటే ఊపిరితిత్తుల్ని సన్నని పొరలుగా చూపే సీటీకి, క్యూ కట్టారు. ఊపిరితిత్తుల ఐదు భాగాలకి ఐదేసి చొప్పున 25కి స్కోరు, "మావాడికి ఎనిమిదొచ్చింది, మీకెంత?" అని పరీక్ష మార్కుల్లా. 2021 మేలో అప్పటి ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా ఒక సీటీ 300, 400 ఎక్స్‌రేలతో సమానమన్నారు, అది పాత లెక్క, ఇప్పటి మెషిన్లలో అంత లేదని రేడియాలజిస్టుల (స్కాన్లు చూసి రిపోర్ట్ రాసే డాక్టర్ల) సంఘం అభ్యంతరం చెప్పింది. అంకె దగ్గర నేను రేడియాలజిస్టుల వైపే. తేలికపాటి జ్వరానికి రెండ్రోజులకోసారి తీయించుకోవద్దన్న అసలు మాట దగ్గర గులేరియా వైపు.

కడుపుతో ఉన్నా. పొరపాటున తీయించేసుకున్నా.

ముందు ఊపిరి తీసుకోండి. తలకో ఛాతీకో తీస్తే బిడ్డకి చేరేది అతి తక్కువ. పొట్టకి తీసినా మామూలుగా ఒక్క స్కాన్‌లో బిడ్డకి చేరే డోసు 50 మిల్లీగ్రేల (ఇదీ రేడియేషన్ కొలతే) లోపే ఉంటుంది, ఆ లోపు అంగవైకల్యాలు పెరిగినట్టు కనబడలేదు. ఈ ఒక్క భయంతో గర్భం తీయించుకునే ఆలోచన చేయకండి, రిపోర్టుతో గైనకాలజిస్టుని కలవండి. నెల తప్పి ఉంటే మాత్రం బల్ల ఎక్కకముందే చెప్పండి, అత్తగారి ముందు చెప్పడానికి మొహమాటమైతే లోపలికొచ్చాక నాకు చెప్పినా చాలు.

పిల్లలకి తీయొచ్చా?

అవసరమైతే తీయాలి. వాళ్ల కణాలకి రేడియేషన్ ప్రభావం ఎక్కువ, ముందున్న జీవితమూ ఎక్కువ, కాబట్టి పిల్లాడి బరువుకి తగ్గట్టు డోసు తగ్గించి, అవసరమైన భాగం వరకే తీస్తారు. మంచం మీంచి పడి ఏడ్చి, లేచి మళ్లీ ఆడుకుంటున్న పిల్లాడిని కొన్ని గంటలు డాక్టరు కళ్ల ముందు ఉంచి చూడటమే చాలాసార్లు సరిపోతుంది.

నాన్న ముప్పై ఏళ్లుగా సిగరెట్లు కాలుస్తారు. దగ్గు లేదు, ఏమీ లేదు. ముందే తీయించొచ్చా?

ఏ లక్షణమూ లేని మనిషికి సీటీ తీయడాన్ని నిజంగా సమర్థించే పెద్ద ఆధారం ఉన్నది ఇక్కడే. అమెరికాలో 53 వేలమందికి పైగా సిగరెట్ తాగేవాళ్లనీ మానేసినవాళ్లనీ కలిపి, లాటరీ వేసినట్టు రెండు గుంపులు చేసి ఒక గుంపుకి ఏడాదికోసారి మూడుసార్లు తక్కువ డోసు సీటీ, రెండో గుంపుకి ఎక్స్‌రే తీశారు. 2011లో ఫలితం వచ్చింది: సీటీ గుంపులో ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గాయి. ఇప్పుడు అమెరికాలో 50 నుంచి 80 ఏళ్ల మధ్య ఉండి, రోజుకో పెట్టె చొప్పున ఇరవై ఏళ్లకి సమానంగా కాల్చి, ఇంకా కాలుస్తున్నవాళ్లకి గానీ గత 15 ఏళ్లలో మానేసినవాళ్లకి గానీ ఏటా తీయించుకోమంటున్నారు. డోసు దాదాపు ఒకటిన్నర మిల్లీసీవర్టులే.

కానీ అదే అధ్యయనంలో నాలుగో వంతు స్కాన్లలో ఏదో ఒకటి కనిపించింది, అలా కనిపించినవాటిలో 96 శాతం క్యాన్సర్ కాదు. అమెరికాలోనే అలా ఉంటే, చిన్నప్పుడెప్పుడో టీబీ వచ్చి తగ్గిన మచ్చలు ఇంతమంది ఊపిరితిత్తుల్లో ఉన్న మన దగ్గర సంగతి మీరే ఊహించుకోండి. మన దేశపు జాతీయ స్క్రీనింగ్ కార్యక్రమంలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి, ఊపిరితిత్తుల సీటీ లేదు. మీ నాన్నగారు పై లెక్కలోకి వస్తే ఛాతీ డాక్టరుతో మాట్లాడి తీయించండి, తీయించినంత మాత్రాన సిగరెట్ కొనసాగించడానికి లైసెన్సు దొరికినట్టు కాదని కూడా చెప్పండి.

మా అమ్మమ్మ తరం ఆడవాళ్లు చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చేవారు, అడ్డపొగ అంటాం, మా తీరంలో ఇంకా ఉంది. వాళ్లకి ముందు భయపడాల్సింది అంగిలి గురించి. దానికి సీటీ వద్దు, నోరు తెరిపించి టార్చి వేసి చూసే డెంటిస్టో ఈఎన్‌టీ డాక్టరో చాలు.

గుండెకి కాల్షియం స్కోరు అంటున్నారు?

డై లేకుండా, ఒక మిల్లీసీవర్టు అటూఇటూగా, గుండె నాళాల గోడల్లో పేరుకున్న సున్నాన్ని కొలుస్తారు. 0 అంటే వచ్చే కొన్నేళ్లకి ముప్పు తక్కువ, 100 దాటితే కొలెస్ట్రాల్ మందు గురించి గట్టిగా ఆలోచించాలి, 400 దాటితే బాగా ఎక్కువ. స్టాటిన్ అనే ఆ కొలెస్ట్రాల్ మందు మొదలుపెట్టాలా వద్దా అని డాక్టరూ మీరూ ఊగిసలాడుతున్నప్పుడు ఇది పనికొస్తుంది. ఛాతీలో నొప్పి వస్తున్నవాళ్లకీ, స్టెంట్ పడినవాళ్లకీ ఇది కాదు. నొప్పి ఉన్నవాళ్లకి డై ఎక్కించి తీసే సీటీ యాంజియో వేరు, దానికి గుండె నిమిషానికి అరవై చుట్టుపక్కల కొట్టుకోవాలి, అందుకే ముందు మాత్ర ఇస్తారు. ఆ పొద్దున కాఫీ మానండి.

మాస్టర్ చెకప్‌లో ఒళ్లంతా సీటీ ఆఫర్ ఉంది. అమెరికా నుంచి అబ్బాయి అమ్మానాన్నలిద్దరికీ బుక్ చేశాడు.

డబ్బులు వెనక్కిస్తారేమో కనుక్కోమనండి. ఏ లక్షణమూ లేనివాళ్లకి ఒళ్లంతా సీటీ తీస్తే నష్టం కంటే లాభం ఎక్కువని చూపే శాస్త్రీయ ఆధారం తమకు తెలియదని అబ్బాయి ఉన్న దేశపు ఎఫ్‌డీఏనే రాసిపెట్టింది. అరవై దాటిన ఒంట్లో వెతికితే కిడ్నీ మీద నీటితిత్తి, కాలేయంలో హెమాంజియోమా అనే రక్తనాళాల ముద్ద, కిడ్నీ పైనుండే అడ్రినల్ గ్రంథిలో చిన్న గడ్డ, ఏదో ఒకటి దొరుకుతుంది. వాటిలో చాలావాటితో మనిషి నూరేళ్లు బతుకుతాడు. కానీ ఒకసారి కాగితం మీదకెక్కాక ఊరుకోలేం. నేను పాతచోట పనిచేసినప్పుడు ఇలాంటి ప్యాకేజీలో వచ్చిన ఒకాయనకి అడ్రినల్‌లో చిన్న గడ్డ కనబడితే, హార్మోను పరీక్షలు, మళ్లీ డైతో సీటీ, ఆరు నెలలాగి ఇంకోటి, చివరికి ఏమీ కాదని తేలింది. మొదటిసారి వచ్చినప్పుడు జోకులేసిన మనిషి ఆఖరిసారి వచ్చేసరికి సగమయ్యాడు.

డాక్టరు చీటీ మీద ఒక ప్రశ్న ఉంటుంది: రక్తం ఉందా, రాయి ఎక్కడుంది, గడ్డ పాకిందా అని. సీటీ ఆ ప్రశ్నకి జవాబు ఇస్తుంది. చీటీ ఖాళీగా ఉంటే అది ఎదురు మనకే ప్రశ్నలు వేస్తుంది. అందుకే ఆస్పత్రి నుంచి వచ్చిన చీటీ మీద ఒట్టి "సీటీ పొట్ట" అని ఉన్నా నాకు చిరాకే. ఎందుకో ఒక్క ముక్క రాయించుకు రండి, రిపోర్ట్ రాసే రేడియాలజిస్టు ఎక్కడ చూడాలో తెలుసుకుంటాడు.

రిపోర్టులో నోడ్యూల్ అని ఉంది. గూగుల్ చేస్తే క్యాన్సర్ అంటోంది.

నోడ్యూల్ అంటే చిన్న ఉండ, అంతే. 6 మిల్లీమీటర్ల లోపు ఉండి, సిగరెట్ అలవాటు లాంటి ముప్పులేమీ లేకపోతే మళ్లీ స్కాన్ కూడా మామూలుగా అక్కర్లేదంటారు. క్యాన్సర్ ఉన్నవాళ్లకి ఈ లెక్క వేరు. కాల్సిఫైడ్ గ్రాన్యులోమా, ఫైబ్రోటిక్ స్ట్రాండ్స్ అంటే ఎక్కువగా పాత గాయం మానిన మచ్చలు. సింపుల్ సిస్ట్ అంటే నీటితిత్తి. రిపోర్టు చివర "క్లినికల్‌గా పోల్చి చూడండి" అని ఉంటుంది, దాన్ని తప్పించుకోవడం అనుకోకండి, మిమ్మల్ని చూసిన డాక్టరు తనకి తెలిసింది కూడా కలిపి నిర్ణయించాలని అర్థం. టీబీ అని కఫం పరీక్ష చెప్పాలి, క్యాన్సర్ అని ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టాలి. ఆ ముక్క ఎక్కడ తీయాలో సూది ఎటు వెళ్లాలో చూపించడానికి మళ్లీ సీటీయే కావాలి.

పుస్తెలతాడు తీయాలా?

ఛాతీకి, మెడకి తీస్తుంటే తీయాలి. తలకైతే ముక్కుపుడక, దుద్దులు, పిన్నులు. లోహం చుట్టూ చారలు పడి బొమ్మ చెడుతుంది, అంతకుమించి ఎమ్మారైలోలా లాగేసే ప్రమాదం లేదు. పొట్టకైతే మెళ్లో ఉంచుకోవచ్చు, మొలతాడు ఒక్కటి పక్కకి జరపాలి.

16 స్లైస్ చాలా, 128 కావాలా?

స్లైస్ అంటే గొట్టం ఒక్క చుట్టు తిరిగేలోపు మెషిన్ తీసే పొరల లెక్క. రాయికి, తల దెబ్బకి 16 చాలు. గుండె నాళాలకి 64 అయినా ఉండాలి. అంకె కంటే మెషిన్‌కి ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ మండలి, లైసెన్సు ఉందా అని అడగండి.

పాత ఫిల్ములు పారేయొచ్చా? ఇల్లంతా అవే.

అమ్మో, వద్దు. రెండేళ్ల కింద ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉన్న గట్టి ఉండని చూస్తే డాక్టరు నిశ్చింతగా వదిలేస్తారు, పాతది లేకపోతే అదే ఉండకి మూడు నెలలకో స్కాన్. ఫిల్ము కంటే సీడీయో పెన్‌డ్రైవో అడిగి తీసుకోండి, వాట్సాప్‌లో ఫిల్ముని ఫొటో తీసి పంపితే ఏ రేడియాలజిస్టూ ఏమీ చెప్పలేరు. కవరు మీద తేదీ, ఏ భాగమో పెద్ద అక్షరాలతో రాసి, బీరువాలో పట్టుచీరల కింద పెట్టమని మా పెద్దమ్మకి చెప్పాను. ఇప్పుడు కావాల్సినప్పుడల్లా దొరుకుతున్నాయి, చీరలే కనబడటం లేదంటుంది.